వీసా వచ్చేదాకా కాపురం

పెంపకం అనగానే మనకు హోమమూ, బంధువుల భోజనాలూ గుర్తొస్తాయి. చైనా పిల్లలను పెంచుకున్న అమెరికా దంపతులకు మాత్రం హోటలు గది గుర్తొస్తుంది!

1992లో దత్తత చట్టం అమలులోకి వచ్చింది మొదలు, 2024లో బంధువులకు తప్ప విదేశీయులకు పిల్లలనివ్వడం చైనా మానేసేదాకా, 80 వేలమందికి పైగా అమెరికా చేరారు. ముందు పిల్ల ఉన్న రాష్ట్రంలో దత్తత కాగితాలు. ఆపైన గ్వాంగ్‌జౌలో వైద్యపరీక్ష, వీసా. వెరసి రెండు వారాల పరదేశపు కాపురం.

చాలామందికి ఆ కాపురం షామియన్ దీవిలో, మర్రిచెట్ల పక్కన, వైట్ స్వాన్ హోటల్లో సాగింది. స్నానాలగదిలో పాలసీసాలు కడగడం, చిన్న చిన్న గౌనులు కుర్చీలమీద ఆరేయడం, పొద్దున్నే బియ్యపు జావ తినిపించడం, సాయంత్రం పెర్ల్ నది ఒడ్డున షికారు. ఆ జావను ఇంగ్లీషువారు ‘కాంజీ’ అంటారు. తమిళుల కంజి నుంచి పుట్టిన మాట. మన గంజికి చుట్టమే!

పెద్దవాళ్లు వేళ్లు మడిచి రోజులు లెక్కపెట్టుకునేవారు. మరి పిల్లకో? తన దేశపు మాటలు వీధిలో చెవినపడే ఆఖరి రోజులవి. ఇల్లు చేరే తొందర వాళ్లది, ఇల్లు విడిచే గడువు పిల్లది.

అందుకే ఆ నాలుగు రోజులూ విసుక్కోకుండా, జావ కాచే తీరూ, ఒక జోలపాటా నేర్చుకు వెళ్లిన తల్లి నా దృష్టిలో తెలివైనది. రేపు పెద్దదై ‘నేనెక్కడిదాన్నమ్మా?’ అని పిల్ల అడిగితే, ముద్ర వేసిన కాగితం ఒక్కటే చూపిస్తే సరిపోతుందా, చెప్పండి?