ఆ గడి ఖాళీ కాదు

మా ఖానాపూర్‌లో పిల్లలు ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ఆడుతుంటే కథ నడిపే పని నాకు పడింది. 1974లో అమెరికాలో పుట్టిన ఆట. పాత పద్ధతిలో ఆడితే ముందే రాసిపెట్టిన కథ ఉండదు. గళ్ల పటం, పాచికలు ఉంటాయి. ఎటు పోవాలో ఆడేవాళ్లే తేల్చుకుంటారు. పుట్టకముందే దారి గీసిపెట్టిన సమాజంలో మన పిల్లలకు ఇంతకన్నా ఏం కావాలి?

కడెం, గోదావరి, కవ్వాల్ అడవి గీశాం. అడవి గళ్లు ఖాళీగా వదిలాను.

“అక్కడ రాక్షసులుంటరా సార్?” అన్నాడొకడు.

“మా అమ్మమ్మ ఉంటది” అన్నాడు పక్కనున్న గోండు పిల్లగాడు.

నాకు తల కొట్టేసినట్టయింది. అడవి ఖాళీ అనుకోవడం, అక్కడివాళ్లను రాక్షసులనడం, చంపి నిధి తెచ్చుకోవడం. ఇది ఆటకు ముందునుంచే ఉన్న కథ. పాత నియమాల్లో ఆర్క్‌ల తెగ మొత్తానికీ చెడ్డగుణమే రాసి ఉంటుంది. పుట్టుకను బట్టి గుణం! మనకు ఇది కొత్తా? 2024 పుస్తకంలో ‘రేస్’ తీసి ‘స్పీషీస్’ అని పెట్టారు. పేరు మారిస్తే కులం పోయిందా?

ఆట మానొద్దు మిత్రులారా, నియమం మార్చండి. మేం రెండు రాసుకున్నాం: ఏ గడి కూడా ఖాళీ కాదు. ఎవరి గుణమూ పుట్టుకతో తేలదు.

జై భీమ్.