ఉన్నత సౌధములు - కనబడని పొత్తు

ఎత్తైన మేడను చూచువాడు దాని శిఖరమును చూచును, అద్దములను చూచును, అంతస్తులను లెక్కించును. ఆ అంతస్తులను నిలువబెట్టు కూర్పును మాత్రము చూడడు. ఉక్కు దూలములపై మడతల ఉక్కురేకు పఱచి, దానిమీద కాంక్రీటు పోసి, మూడింటిని ఒక్కటిగ పని చేయించు సంయుక్త నిర్మాణము నేడు లోకమందలి మహానగరములలో, విశేషించి కార్యాలయ సౌధములలో, విస్తారముగ వ్యాపించియున్నది. మన నగరములును ఆకాశమునకు ఎగబ్రాకుచున్న ఈ కాలమున దీని గుణదోషములను విచారించుట ఇంజనీర్లకే గాక, ఆ మేడలయందు పని చేయవలసిన పౌరులకును విధి యగుచున్నది.

ఇందలి సూత్రము సులభమైనది. ఉక్కు లాగుడునకు ఓర్చును. కాంక్రీటు నొక్కుడునకు ఓర్చును. దూలముమీద శ్లాబును ఊరక పెట్టినచో బరువు పడినప్పుడు రెండును ఒకదానిపై నొకటి జారుచు, దేనికది వేరుగ వంగును. సమానమైన రెండు పలకలను ఒకదానిపై నొకటి ఉంచి చూడుడు. వానినే కదలకుండ గట్టిగ అతికి చూడుడు. అతికిన పలకల వంపు అతుకనివాని వంపులో నాలుగవ వంతు మాత్రమే యుండును. ఆ అతుకే సంయుక్త నిర్మాణమునకు ప్రాణము. సాధారణముగ 19 మిల్లీమీటర్ల లావు గల తలమేకులను, ఇంజనీర్లు స్టడ్డులని పిలుచువానిని, రేకుగుండ దూలపు పైయంచునకు వెల్డింగుచేసి, కాంక్రీటులో పాతుకొనునట్లు చేయుదురు. ఇంచుమించు ఒక మిల్లీమీటరు మందము గల ఆ రేకు తడి కాంక్రీటును మోయునప్పుడు సెంట్రింగు. కాంక్రీటు గట్టిపడినపిమ్మట లాగుడునకు ఓర్చు ఇనుము. ఇట్లు దూలములకు పట్టు ఉక్కు తగ్గును. క్రిందినుండి గుంజలు నిలుపు పని చాలవరకు తప్పును. పెక్కు అంతస్తులలో పని ఒక్కసారి సాగును.

ఇంతమాత్రమున ఇది సర్వరోగ నివారిణి యని భ్రమింపరాదు. లండను నగరమున 2012లో పూర్తియైన షార్డు సౌధములో స్తంభములులేని విశాలమైన గదులు కావలసిన క్రింది కార్యాలయ భాగమును ఉక్కు దూలములతో సంయుక్తముగ కట్టిరి. పైనున్న వసతిగృహమునకును నివాసములకును కాంక్రీటునే వాడిరి. అవసరమునుబట్టి పద్ధతిని ఎన్నుకొనుట వివేకము. పరదేశమున కనబడినదని ఎల్లచోట్ల అనుకరించుట వివేకము గాదు.

ఈ నిర్మాణమునుగూర్చిన పెద్ద సందేహము అగ్నిని గూర్చినది. వేడికి ఉక్కు మెత్తబడుననుట అందఱెఱిగినదే. 1990 జూనులో లండనులోని బ్రాడ్‌గేట్ ప్రాంతమున, కట్టుబడిలోనున్న 14 అంతస్తుల భవనములో నిప్పంటుకొని నాలుగున్నర గంటలు మండెను. ఉక్కునకు అగ్నిరక్షణ పూత ఇంకను పూర్తికాలేదు. దూలములు వంగినవి, కొన్ని స్తంభములు క్రుంగినవి. కాని భవనము కూలలేదు. దీనినుండి జిజ్ఞాస పుట్టి, కార్డింగ్టను అను చోట, పూర్వము విమాననౌకల నుంచిన మహాశాలలో, ఎనిమిది అంతస్తుల ఉక్కు భవనమును కట్టి, 1995, 1996 సంవత్సరములలో దానియందు బుద్ధిపూర్వకముగ నిప్పు రగిల్చి పరీక్షించిరి. రక్షణ లేని దూలములు మిక్కిలి వంగినను శ్లాబు కూలలేదు. నాలుగంచులు పట్టిన దుప్పటి నడుమ జారినను బరువును మోసినట్లు, కాంక్రీటులోని ఇనుపవల ఆ శ్లాబును మోసినదని తేలినది.

అయితే దీనిని చూచి నిశ్చింత వహించుటయు ప్రమాదమే. 2001 సెప్టెంబరు 11న న్యూయార్కులో విమానము తాకకయే కూలిన 47 అంతస్తుల ఏడవ సంఖ్య భవనమును స్మరింపుడు. నీటి గొట్టములు తెగి క్రింది అంతస్తులకు నీరందక, దాదాపు ఏడు గంటలు మంటలు అదుపులేక కాలినవి. 2008లో వెలువడిన అమెరికా ప్రభుత్వ సంస్థ విచారణ ప్రకారము, వేడిచే సాగిన పొడుగు దూలములు ఒక పెద్ద దూలమును దాని ఆధారమునుండి తోసివేసినవి. బరువును మోయుటకు కల్పించిన అతుకులు అడ్డముగ వచ్చిన తోపునకు ఆగలేకపోయినవి. ఒక భవనమును నిలిపినది పొత్తు; మఱియొకదానిని కూల్చినది అతుకునందలి లోపము. ఉక్కును నిందింపవలదు, కాంక్రీటును పొగడవలదు. వాని నడుమనున్న బంధమును పరీక్షింపుడు.

మన దేశమున ఈ నిర్మాణమునకు భారతీయ ప్రమాణము 1985లో వెలువడి, 2022లో సవరింపబడినది. నడుమ గడచినవి 37 సంవత్సరములు! హైదరాబాదులో కోకాపేట, నానక్‌రామ్‌గూడ ప్రాంతములందు 50 అంతస్తులకు మించిన సౌధములు లేచుచున్నవి. వానిలో పెక్కు కాంక్రీటు కట్టడములే. సంయుక్త నిర్మాణము మనకు తగినంతగ అలవడలేదు. అలవడుటకు పూర్వమే క్రమశిక్షణ అలవడవలెను.

తడిసిన రేకుపైనను, రంగు పూసిన దూలముపైనను చేసిన వెల్డింగు నమ్మదగినది కాదు. వానకాలమున పని తొందరలో ఈ నియమమును మఱచినచో మేకు నిలిచినట్లే కనబడును, పట్టు మాత్రముండదు. కావున మేకులను సుత్తితో తట్టి, అనుమానము కలిగిన దానిని వంచి చూడవలెను. తడి కాంక్రీటును ఒక్కచోట కుప్పపోసిన రేకు వంగును. వంగినచోట కాంక్రీటు మఱింత చేరును. చేరినకొలది రేకు మఱింత వంగును. దానిపై నిలిచి పనిచేయు కూలివాని ప్రాణము అప్పుడు ఒక్క మిల్లీమీటరు రేకుపై నున్నది. ఇనుపవల అతుకులలో నాలుగు కమ్మీలు మిగుల్చుకొన్న కంట్రాక్టరు, శ్లాబు అగ్నికి ఓర్చు శక్తిని దొంగిలించినవాడే.

కాంక్రీటు పోసినపిమ్మట మేకులు కనబడవు, ఇనుపవల కనబడదు. తరువాత ఎంత గొప్ప అధికారి వచ్చినను చూడగలిగినది పైపూత మాత్రమే. కావున పోయుటకు పూర్వమే, కట్టువానితో సంబంధములేని ఇంజనీరు ప్రతి అంతస్తును పరీక్షించి చేవ్రాలు చేయవలెను. ఆ పత్రములు పౌరులకు అందుబాటులో ఉండవలెను. పురపాలక సంఘములు అంతస్తుల సంఖ్యకు ఇచ్చు అనుమతితోపాటు ఈ పరీక్షను తప్పనిసరి చేయవలెను. ఎత్తుగ కట్టుట గొప్ప గాదు. కట్టినదానియందు జనులు నిర్భయముగ నిద్రించుట గొప్ప.