అంతస్తుకో మీటరు, అద్దెదారు చేతికి లెక్క

హైదరాబాద్ శివారు పోచారంలోని ఇన్ఫోసిస్ ప్రాంగణంలో 2011లో కట్టిన ఒక భవనాన్ని రెండు సమాన భాగాలు చేశారు. ఒక సగానికి మామూలుగా చల్లగాలి ఊదే ఏసీ, రెండో సగానికి శ్లాబులో పొదిగిన గొట్టాల్లో చల్లని నీరు తిప్పే పద్ధతి. ఎండ ఒకటే, పని ఒకటే. తొలి రెండేళ్లలో చల్లదనం కోసం రెండో సగం 34 శాతం తక్కువ కరెంటు వాడింది. ఆ గొట్టాలను ఎంత మెచ్చుకున్నా, రెండు వైపులా విడివిడిగా కొలిచారు కాబట్టే ఆ తేడా బయటపడింది. మన వాణిజ్య భవనాలు చాలావాటిలో ఈ కొలతే లేదు.

స్మార్ట్ బిల్డింగ్ అనగానే లాబీలోని పెద్ద తెర గుర్తొస్తుంది. అసలు పొదుపు ఏసీ కోసం నీటిని చల్లబరిచే యంత్రం, అంటే చిల్లర్ ఉన్న గదిలో ఉంది. చిల్లర్ నుంచి సాధారణంగా 7 డిగ్రీల దగ్గర బయలుదేరిన నీరు అంతస్తుల్లోని వేడిని మోసుకుని 12 డిగ్రీల దగ్గర తిరిగి రావాలి. 9 డిగ్రీలకే వచ్చేస్తోందంటే పని చేయకుండా తిరిగొస్తోందన్నమాట. ఎక్కడో వాల్వు తెరిచినట్టే బిగుసుకుపోయి ఉంటుంది, లేదా పంపులు అవసరానికి మించి తిరుగుతుంటాయి. పంపు వేగం 20 శాతం తగ్గితే సూత్రప్రకారం దాని కరెంటు దాదాపు సగానికి పడిపోతుంది. కానీ పైన కూర్చున్నవారికి గది చల్లగానే ఉంటుంది, ఫిర్యాదు రాదు, ఎవరూ వెతకరు. అంతస్తులవారీగా ఉష్ణోగ్రత, నీటి ప్రవాహం నమోదవుతుంటే ఏ వాల్వు దగ్గరికి వెళ్లాలో టెక్నీషియన్‌కు తెలుస్తుంది.

ఇంత తేలికైన పని జరగకపోవడానికి కారణం డబ్బు లెక్క. చిల్లర్ కొనేది బిల్డరు, బిల్లు కట్టేది అద్దెదారు, నడిపేది కాంట్రాక్టరు. ఖర్చును చదరపు అడుగుల చొప్పున పంచేచోట సాయంత్రమే ఏసీ కట్టేసే ఆఫీసూ, రాత్రంతా నడిపే పక్క ఆఫీసూ ఒకే రేటు భరిస్తాయి. ఇది మారనిదే ఎన్ని సెన్సర్లు పెట్టినా దండగే. 2007లో వచ్చిన ఇంధన పొదుపు భవన నియమావళి కట్టబోయే భవనాల డిజైన్ చూస్తుంది, ఏళ్లుగా నడుస్తున్న భవనం వాడకాన్ని అడగదు. న్యూయార్క్ నగరం 2009 చట్టంతో పెద్ద భవనాల నుంచి ఏటా ఆ లెక్క అడుగుతోంది. 2020 నుంచి వాటి గ్రేడును గుమ్మం దగ్గరే అతికించమంటోంది.

భవనాన్ని నెట్‌వర్కుకు కలిపితే దొంగలకు దారి ఇచ్చినట్టేనన్న భయం నిజమైనదే. 2013లో అమెరికాలోని టార్గెట్ దుకాణాల నుంచి దాదాపు 4 కోట్ల కార్డుల వివరాలు పోయింది ఒక ఏసీ కాంట్రాక్టరు లాగిన్ దొంగిలించడం వల్లే. అందుకని కొలతలు మానుకోనక్కర్లేదు. భవనం నెట్‌వర్కును వ్యాపార నెట్‌వర్కు నుంచి వేరుగా ఉంచాలి, కాంట్రాక్టరుకు పని ఉన్నంతవరకే ప్రవేశం ఇవ్వాలి. ఉద్యోగులపై నిఘా అవుతుందన్న ఆందోళనకూ విరుగుడు ఉంది. గదిలో జనం ఉన్నారో లేదో కార్బన్ డయాక్సైడ్ సెన్సరు చెబుతుంది, దానికి ముఖాలు, పేర్లు అక్కర్లేదు. ఇక ఖర్చంటారా, మొదటి అడుగుకు అదీ లేదు. పెద్ద భవనాల యూనిట్ల లెక్క డిస్కమ్‌ల దగ్గర ఉంది, విస్తీర్ణం మున్సిపల్ రికార్డుల్లో ఉంది. రెండింటినీ కలిపి చదరపు మీటరుకు ఎన్ని యూనిట్లో ఏటా ప్రకటించడం రెండు తెలుగు ప్రభుత్వాలూ ఈ ఏడాదే మొదలుపెట్టవచ్చు.