దేవుణ్ణి దించేశావు, మరి మోసేదెవరు?

దేవుడు లేడని తేల్చేసి చేతులు దులుపుకున్న నాస్తికుల్ని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. గుడికెళ్లేవాణ్ణి చూసినప్పటికన్నా ఎక్కువ మండుతుంది. అంతా పైవాడి దయ అనుకోవడానికి వాడికి ఒక పైవాడున్నాడు. నీకెవరున్నారు?

వేదికెక్కి బాబాల గుట్టు విప్పుతావు. నిప్పుల మీద నడిచి చూపిస్తావు. కొడుకు పెళ్లి దగ్గరికొచ్చేసరికి మాత్రం, మా ఆవిడ ఒప్పుకోలేదండీ, అమ్మ పెద్దదైపోయింది, చుట్టాలేమంటారో అని నసుగుతూ, సొంత కులంలోనే పిల్లను వెతికి, శుభలేఖ మీద ముహూర్తం అచ్చేయించి, లాంఛనాలు లెక్కపెట్టుకుంటావు. దేవుణ్ణి లేపి ఆ కుర్చీలో చుట్టాల్ని కూర్చోబెట్టావు. అంతేగా నువ్వు చేసింది?

1945 అక్టోబరులో పారిస్‌లో చేసిన ప్రసంగంలో ఫ్రెంచి తత్వవేత్త జాన్ పాల్ సార్త్ర్ ఇలాంటి చౌకబారు నాస్తికత్వాన్నే నిలదీశాడు. 1880 ప్రాంతపు ఫ్రెంచి ఆచార్యులు కొందరు దేవుణ్ణి పనికిమాలిన ఊహగా కొట్టేసి, ఆయన పేరు మీద నడిచిన నీతిని మాత్రం చెక్కుచెదరకుండా అట్టిపెట్టుకోబోయారు. అదెలా కుదురుతుందన్నాడు సార్త్ర్. దేవుడు పోతే పైన రాసిపెట్టి ఉన్న మంచిచెడ్డలూ పోతాయి. ఇక నువ్వు చేసే ప్రతి పనీ నీదే, చెయ్యకుండా ఊరుకోవడమూ నీదే. నా స్వభావమింతే, పరిస్థితులు అలాంటివి అనే సాకులన్నిటినీ ఆయన ఆత్మవంచన కింద జమకట్టాడు. దేవుడున్నా ఇందులో తేడా ఏమీ రాదని కూడా అన్నాడు. డేనిష్ తత్వవేత్త కియర్కెగార్డ్ పక్కా క్రైస్తవుడు. ఎంచుకునే భారాన్ని ఆయనా మనిషి నెత్తినే పెట్టాడు. నువ్వు దేవుడి దగ్గర ఆగిపోయావు. వాళ్ల లెక్క అక్కణ్ణుంచే మొదలవుతుంది.

అలాగని సార్త్ర్ పేరు చెప్పుకుని, బతుక్కి అర్థం లేదంటూ సిగరెట్టు పొగలో నిట్టూర్చే కవుల్ని వదిలిపెడతాననుకోకు. ఒంటరి తల్లి దగ్గర ఉండిపోవాలా, ఇంగ్లండు చేరి నాజీల మీద పోరాడే ఫ్రెంచి దళాల్లో కలవాలా అని అడగడానికొచ్చిన శిష్యుణ్ణి సార్త్ర్ తేల్చుకోమన్నాడు. నిట్టూర్చమనలేదు.

తేల్చుకున్నవాళ్లు మన కృష్ణా జిల్లాలోనే ఉండేవాళ్లు. నాస్తికుడన్న కారణానికి 1933లో గోరాకు కాకినాడ కాలేజీలో వృక్షశాస్త్రం ఉద్యోగం పోయింది. 1940లో భార్య సరస్వతితో కలిసి ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు. దేవుడి మీద నమ్మకం మనిషిని బానిసను చేస్తుందనీ, నాస్తికత్వమంటే తాను స్వతంత్రుణ్ణని మనిషి గుర్తించడమేననీ ఆయన వాదన. ఆ వాదన ముందు ఆయన ఇంట్లోనే అమలైంది. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన ఆయన పెద్దకూతురు మనోరమకు దళితుడైన అర్జునరావుతో సేవాగ్రామ్‌లో పెళ్లి చేయించడానికి గాంధీ ఒప్పుకున్నారు. ఈలోగా గాంధీని చంపేశారు. పెళ్లి ఆగలేదు, 1948లో అక్కడే జరిగింది. 1960లో గోరా కొడుకు లవణం, కవి జాషువా కూతురు హేమలతను చేసుకున్నారు.

అందరూ గోరాలు కాలేరండీ అంటావు. జంధ్యం తీసేసినందుకు కన్న తండ్రే ఆయన్ను ఇంట్లోంచి పొమ్మన్నాడు. తొమ్మిదిమంది పిల్లల్ని పెంచారు. నీకు లేని వెసులుబాటేదో ఆయనకున్నట్టు మాట్లాడకు. నీకు కులం కావాలి, కట్నం కావాలి, నాస్తికుడన్న పేరూ కావాలి. ఉంచుకో. కానీ ఆ నిర్ణయాన్ని మీ ఆవిడ మీదికి, మంచం పట్టిన మీ అమ్మ మీదికి తొయ్యకు. దమ్ముంటే, వచ్చే సభలో మైకు పట్టుకుని అది నేనే తీసుకున్నానని చెప్పు.