లాన్ కింద ఒక గుడిసె కప్పు

థాచ్ అనే ఇంగ్లీష్ మాటకి మనలో చాలామందికి తెలిసిన అర్థం గుడిసె పైకప్పు. తాటాకో, రెల్లుగడ్డో దట్టంగా పరిచి కడతారు. వాన నీళ్లు లోపలికి దిగకుండా చూడటం దాని పని. ఇంటి ముందు లాన్‌లో కూడా థాచ్ అని ఒకటి ఉంటుంది. అది ముదిరితే సరిగ్గా అదే పని చేస్తుంది: నీళ్లని కిందికి దిగనివ్వదు.

లాన్‌లో గడ్డిని వేళ్లతో విడదీసి చూడండి. పచ్చటి ఆకులకీ మట్టికీ మధ్య గోధుమ రంగులో, స్పాంజ్‌లా ఒక పొర కనిపిస్తుంది. చచ్చిన కాడలు, వేర్లు, పాకే తీగలు కలిసి అల్లుకున్న పొర అది. అర అంగుళం లోపు ఉంటే మంచిదే, మట్టి తొందరగా ఎండిపోకుండా కాపాడుతుంది. అంతకు మించితేనే ఇబ్బంది. ఎండిన పొర నీటిని పీల్చుకోదు, పోసిన నీళ్లు పక్కకి జారిపోతాయి. వేర్లు మట్టిలోకి దిగకుండా ఆ పొరలోనే తిరుగుతాయి. పురుగులకీ, తెగుళ్లకీ అక్కడ మంచి చోటు దొరుకుతుంది.

నన్నడిగితే ఇందులో తప్పు చాలావరకు మన అతిప్రేమదే. గడ్డి కాస్త పసుపు రంగుకి తిరగ్గానే ఇంకొంచెం నీళ్లు, ఇంకో గుప్పెడు యూరియా. నత్రజని ఎక్కువైతే కాడలు, తీగలు కుళ్లే దానికన్నా వేగంగా పెరుగుతాయి. రోజూ పైపైన తడిపితే వేర్లూ పైపైనే ఉండిపోతాయి. పురుగుమందు కొడితే చచ్చిన గడ్డిని మట్టిలో కలిపే వానపాములు కూడా పోతాయి. మా బ్రాంచ్ వాళ్లకి అర్థమయ్యేలా చెప్పాలంటే, మెమరీ లీక్ ఎక్కడుందో వెతక్కుండా ర్యామ్ పెంచుకుంటూ పోవడం ఇది.

పోయేది లాన్ అందం ఒక్కటే అయితే నేను ఇంత రాసేదాన్ని కాదు. ఎండాకాలంలో హైదరాబాద్‌లో ఎన్నో కాలనీలు ట్యాంకర్ల మీద ఆధారపడతాయి. అలా డబ్బు పెట్టి కొన్న నీళ్లని మట్టిదాకా చేరని చోట పోస్తున్నాం. పైగా "మొత్తం పీకేసి కొత్త గడ్డి వేయించండి" అనే సలహా ఒకటి. అలవాట్లు మారకపోతే కొత్త గడ్డి కింద కూడా మళ్లీ అదే పొర తయారవుతుంది.

కాబట్టి ముందు కొలవండి. కత్తితో కేక్ కోసినట్టు మట్టితో సహా చిన్న ముక్క పైకి తీసి, ఆ పొర పక్కన స్కేల్ పెట్టండి. అర అంగుళం దాటితే తీయాల్సిందే. మన లాన్లలో కనిపించే బెర్ముడా గడ్డి, కొరియన్ గడ్డి వేడిలో పెరిగేవి. తొలకరి పడి జోరుగా చిగురిస్తున్నప్పుడు ఈ పని చేయాలి. మే ఎండలో వద్దు, చలికాలంలో అసలే వద్దు. ఇనుప పళ్ల రేక్‌తో ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా లాగితే పొర ఊడి వస్తుంది. మరీ మందంగా ఉంటే ఒకేసారి మొత్తం తీయకండి. తర్వాత మట్టికి చిల్లులు పొడిచి, జల్లెడ పట్టిన మట్టీ కంపోస్టూ కలిపి పావు అంగుళం మించకుండా చల్లండి. తీసిన చెత్తకి నిప్పు పెట్టకండి, కంపోస్ట్ గుంతలో వేయండి.

"అలా గీకితే ఉన్న లాన్ కూడా పోతుంది కదా?" అంటారు. 2, 3 వారాలు చూడ్డానికి బాగోదు, నిజమే. కానీ బెర్ముడా గడ్డి అంటే ఎవరో కాదు, మన గరికే. వినాయక చవితికి పూజలో పెట్టేది, చేలో రైతుని ఏడిపించేది. పైనంతా పీకినా మట్టిలో మిగిలిన తీగ ముక్క నుంచి మళ్లీ లేస్తుంది. కొరియన్ గడ్డికి మాత్రం కోలుకోవడానికి ఇంకాస్త టైమ్ పడుతుంది.

ఇంకో అపోహ: మెషిన్‌తో కోసినప్పుడు పడే ఆకు ముక్కల వల్లే థాచ్ వస్తుందని. ఆ ముక్కల్లో ఎక్కువ భాగం నీరే, త్వరగా కుళ్లిపోతాయి. వాటిని అక్కడే వదిలేస్తే ఎరువు ఖర్చు కూడా తగ్గుతుంది.

ఈసారి సెలవులకి ఇంటికెళ్తే, నాన్న యూరియా సంచి విప్పేలోపు మీరు స్కేల్ పట్టుకుని లాన్‌లోకి వెళ్లండి. ఫస్టియర్ ఇంజినీరింగ్ డ్రాయింగ్ తర్వాత పాపం దానికి పని లేకుండా పోయింది.