ఈత కొలనులో దిగేదెవరు?

ఈత కొలను, క్రీడా ప్రాంగణం ఇప్పుడు మహానగరాలకే పరిమితమైన కోరికలు కావు. వినుకొండ వంటి పట్టణానికి అవి కావాలనడం న్యాయమే. పల్నాటి ఎండలు ఎరిగినవారెవరూ దాన్ని విలాసమనరు. అయితే మన పట్టణాల్లో ఇటువంటి ప్రణాళికలపై చర్చ స్థలం, నిధులు, టెండరు దగ్గరే ఆగిపోతుంది. ఆ నీటిలో దిగేదెవరన్న ప్రశ్న ఎవరూ వేయరు.

ఈ ప్రాంతంలో ఈత భూమితో ముడిపడిన విద్య. సొంత బావి ఉన్న రైతుబిడ్డ వీపున బెండు కట్టుకొని, గట్టున మేనమామ కాపలా ఉండగా నేర్చుకున్నాడు. సెంటు భూమి లేని మాల, మాదిగ పల్లెల పిల్లలకు మిగిలింది సాగర్ కుడికాలువ. అక్కడ నేర్పేవారు లేరు, నీటి వడి మాత్రం ఉంది. దేశంలో ఏటా 30 వేల మందికి పైగా నీట మునిగి చనిపోతున్నారని జాతీయ నేర నమోదు సంస్థ లెక్కలు చెబుతున్నాయి. మృతుల కులం ఆ పట్టికల్లో ఉండదు. కాబట్టి కొలను అందరికంటే ముందుగా అవసరమైనది ఆ పిల్లలకే.

నీటి దగ్గర కులం ఎంత క్రూరంగా నిలబడుతుందో ఈ మైదానాలకు ఎవరూ చెప్పనక్కరలేదు. 1985 జూలైలో కారంచేడు తగవు మాదిగల మంచినీటి చెరువు దగ్గరే మొదలైంది. నీటిని పాడుచేయవద్దన్నందుకు మరునాడు, 17న, పల్లెపై దాడి జరిగింది. ఆరుగురు మాదిగలు హతులయ్యారు, బతికినవారు చీరాలకు తరలిపోయారు. ఆ ఉద్యమాల ఒత్తిడి వెనుక ఉండగా వచ్చినదే 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం. బావి, చెరువు, కుళాయి, స్నానఘట్టం వాడకుండా దళితులను అడ్డుకోవడం నేరమని 2015 సవరణ విడమరచి చెప్పింది. రాజ్యాంగంలోని 15(2) అధికరణ అంతకుముందే స్నానఘట్టాల పేరెత్తింది. కలిసి తిరిగే రోడ్డు కంటే కలిసి మునిగే నీరు కులానికి కష్టమని రాజ్యాంగ నిర్మాతలకు బాగా తెలుసు.

చట్టం ఉంటే చాలునా? మహాడ్ పురపాలక సంఘం చవదార్ చెరువును అందరికీ తెరుస్తూ 1924లోనే తీర్మానించింది. అయినా 1927 మార్చి 20న అంబేడ్కర్ వేలమందితో వెళ్లి దోసిలి పట్టేదాకా అస్పృశ్యులెవరూ ఆ నీరు తాగలేకపోయారు. తర్వాత సనాతనులు చెరువును 'శుద్ధి' చేశారు, పురపాలక సంఘం తన తీర్మానాన్నే రద్దు చేసుకుంది.

ఇవాళ ఎవరూ నిషేధపు బోర్డు పెట్టరు. ఆ పని నెల రుసుము చేస్తుంది, సభ్యత్వ సిఫారసు చేస్తుంది, ఈత దుస్తుల నిబంధన చేస్తుంది. అన్నిటికంటే నేర్పుగా లీజు చేస్తుంది. అమెరికాలో మిసిసిపీ రాష్ట్రపు జాక్సన్ నగరం ఇందుకు పాఠం. నల్లవారితో కలిసి ఈదమని న్యాయస్థానం చెబితే, ఆ నగరపాలక సంస్థ 1963లో తన కొలనులనే మూసేసింది. లీజుకు తీసుకున్న ఒక కొలనును దాని యజమాని సంస్థకు తిరిగి అప్పగిస్తే, ఆ సంస్థ దాన్ని తెల్లవారికే నడిపింది. 1971లో అక్కడి సుప్రీంకోర్టు అయిదుగురు–నలుగురు తీర్పుతో ఆ మూసివేతను సమర్థించింది కూడా. నిర్వహణను ప్రైవేటు చేతికిస్తే బాధ్యత తీరిందనుకునే మన పురపాలక అధికారులు ఈ కేసు చదవాలి.

మన దగ్గర ఇంకొక మెలిక ఉంది. విడదీయలేని మౌలిక వసతుల ఖర్చులో కొంత వాటాను ఎస్సీల పద్దులో చూపే వెసులుబాటు 2013 నాటి ఉపప్రణాళిక చట్టంలోనే ఉంది. దళిత బాలుడు గేటు దాటకపోయినా అతని పేర ఖర్చు రాయవచ్చు. కొలను కడిగి, క్లోరిన్ కలిపే చేతులు మాత్రం ఎవరివో ఊహించడం కష్టం కాదు.

వినుకొండ జాషువా పుట్టిన ఊరు. గుడిలోకి తాను పోలేని అరుంధతీ సుతుడు గబ్బిలంతో శివుడికి సందేశం పంపిన కావ్యం ఆయనది. ఆ ఊళ్లో కొలను కడితే, పునాదికి ముందే కొన్ని సంగతులు రాతపూర్వకంగా తేలాలి. స్థలం దళితవాడ నుంచి నడిచి వెళ్లేంత దగ్గరలో ఉండాలి. సాంఘిక సంక్షేమ వసతి గృహాల పిల్లలకు రుసుము లేని వేళలు, ఆడపిల్లలకు మహిళా శిక్షకులు ఉండాలి. శిక్షకుల, రక్షకుల ఉద్యోగాల్లో రిజర్వేషన్ పాటించాలి. లీజు ఇస్తే ఈ షరతులన్నీ ఒప్పందంలో చేరాలి, ఉల్లంఘిస్తే లీజు రద్దు కావాలి. వీటిలో దేనికీ కొత్త చట్టం అక్కరలేదు, పురపాలక సంఘం తీర్మానం చాలు. అయితే మహాడ్ తీర్మానంలా అది మూడేళ్లు కాగితం మీద పడి ఉండకూడదు.