చెట్టు కింద మొలిచిన మొక్క

చెల్లెమ్మలూ, పచ్చళ్ళ కబుర్లు వచ్చే వారం చెప్పుకుందాం. ఈసారి నేను చేసిన ఒక తెలివితక్కువ పని చెబుతాను, నవ్వకండేం!

మా జంగారెడ్డిగూడెం చుట్టూ పామాయిల్ తోటలే కదా. మా తోటలో మొక్కలు చచ్చిపోయి పన్నెండు చోట్ల ఖాళీలు పడ్డాయి. నర్సరీ మొక్కలకి డబ్బు దండగ అనిపించింది నాకు. బ్రహ్మాండంగా గెలలు వేసే చెట్టు కింద రాలిన పళ్ళు మొలిస్తే, ఆ మొక్కలు పెరట్లో సంచుల్లో పెంచి నాటించాను. మావారు వద్దన్నారు. "తల్లి మంచిదైతే పిల్ల మంచిది కాదా?" అన్నాను.

నాలుగేళ్ళు నీళ్ళు, ఎరువులు పోశాక చూస్తే, నాలుగు చెట్ల కాయల్లో గుజ్జు తక్కువ, పెంకు మందం. రెండు చెట్ల గెలలు పండకుండానే ఎండిపోయాయి. మిగతా ఆరూ ఫరవాలేదు, అవీ ఒకదానితో ఒకటి పోలవు.

ఇంటర్లో క్షయకరణ విభజన అని బట్టీ పట్టాను గానీ, అర్థమైంది ఇప్పుడేనండీ. బీరువాలో 23 జతల చీరలున్నాయనుకోండి. ప్రతి జతలో ఒకటి అమ్మ పెట్టింది, ఒకటి నాన్న కొన్నది. మనమ్మాయికి జతకొకటి చొప్పున, కళ్ళు మూసుకుని తీసివ్వాలి. అండం తయారయ్యేటప్పుడు మన క్రోమోజోములకు జరిగేది ఇదే. ఈ ఏరుకోవడమే 83 లక్షల పైచిలుకు రకాలుగా జరగొచ్చు! పైగా విడిపోయే ముందు జతలోవి ముక్కలు మార్చుకుంటాయి, ఒక చీర అంచు ఇంకో చీరకు వేసినట్టు. మగవారి వీర్యకణాలూ అంతే. ఒకే కడుపున పుట్టిన మా అమ్మాయిలిద్దరిలో ఒకదానికి మా అత్తగారి ముక్కు, ఇంకోదానికి మా నాన్నగారి ముక్కు వచ్చింది ఇందుకే.

పామాయిల్ చెట్టుకి 16 జతలు. మనం వేసేది టెనెరా అనే సంకరం. పెంకు మందంగా ఉండే డ్యూరా తల్లి, పెంకే లేని పిసిఫెరా తండ్రి. అందుకే దానికి పెంకు పల్చన, గుజ్జు ఎక్కువ. నూనె ఎక్కువగా ఉండేది గుజ్జులోనేగా! కానీ ఆ టెనెరా తన అండంలోకి పంపేది రెండు లక్షణాల్లో ఒక్కటే, పుప్పొడిలోకీ ఒక్కటే. టెనెరాకి టెనెరా కలిస్తే సుమారు నాలుగింట ఒకటి డ్యూరా, రెండు టెనెరా, ఒకటి పిసిఫెరా. పిసిఫెరా గెలలు చాలావరకు నిలవవు. అందుకే విత్తనం తయారుచేసేచోట డ్యూరా ఆడపూల గుత్తికి సంచి కట్టి, పిసిఫెరా పుప్పొడే చల్లుతారు.

ఆ ఆరు చెట్లూ తీయించి, ఈసారి నర్సరీ మొక్కలే తెప్పించాం. మావారు ఒక్క మాటన్లేదు. బిల్లు మాత్రం తెచ్చి నా చేతిలో పెట్టారు.